పైకప్పు విప్పిన ఇల్లు

కొడుకు గని నుంచి ప్రాణాలతో వచ్చాడని సంతోషించాలో, వచ్చినవాడు గొర్రెల మధ్య పడుకుంటున్నాడని ఏడవాలో తేల్చుకోలేక, మామొలెఫి రోజూ తెల్లవారగానే జొన్న అంబలి గిన్నెను కంబళి కింద దాచుకుని దొడ్డి దగ్గరికి వెళ్తోంది.

దొడ్డి అంటే ఏముంది, ఛాతీ ఎత్తు రాతిగోడ, పైన ఆకాశం. ఊళ్లో తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు, ఆమె కొడుకు మొలెఫి. అతను ఓ మూల ముసలి పొట్టేలుకు వీపు ఆనించి, కంబళి ముసుగు పెట్టి ముడుచుకుని ఉన్నాడు. ముసుగు మీద రాత్రి తేమ గడ్డకట్టి ఉప్పు చల్లినట్టు పేరుకుంది. లోపలి నుంచి దగ్గు వస్తోంది. గనుల్లో రాతిపొడి మింగిన వాళ్లందరికీ ఉండే దగ్గే. కానీ ఈ మధ్య దాని అడుగున ఏదో గీసుకుంటున్నట్టు వినిపిస్తోంది. ఆ చప్పుడు మామొలెఫికి బాగా తెలుసు. ఈ పిల్లాడి తండ్రి పోయే ముందు అలాగే దగ్గాడు.

"లే నాయనా, చల్లారిపోతుంది."

మొలెఫి ముసుగు తీసి చేతులు చాచాడు. ఆ చేతులు చూడలేక తల్లి మొహం పక్కకు తిప్పుకుంది. వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. కొన్ని గోళ్లు ఊడిపోయి, ఆ చోట నల్లటి పెచ్చులు కట్టాయి.

పోయిన ఆదివారం జరిగిన ఘోరం అది. మరిది పీట్సో ఊళ్లో బలమైన వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. మన తాతల్ని పాతిపెట్టిన దొడ్డిలో బతికున్న మనిషి పడుకోవడమేమిటి, ఊరంతా నవ్వుతోంది అన్నాడు. మొలెఫిని కాళ్లూ చేతులూ పట్టుకుని శవాన్ని మోసినట్టు మోసుకొచ్చి ఇంట్లో పడేసి తలుపు మూశారు. గడియ పెట్టింది మాత్రం మామొలెఫే. ఒక్క రాత్రి ఓర్చుకుంటే వాడే అలవాటు పడతాడని అందరూ అన్నారు, ఆమె నమ్మింది. అరుస్తాడనుకున్నారు. అరవలేదు. లోపలి నుంచి గీరుతున్న చప్పుడు మాత్రం వచ్చింది, ఎలుక చెక్క కొరుకుతున్నట్టు. ఎంతకీ ఆగలేదు. చివరికి కోడలు మాపాలెసా అత్తను పక్కకు తోసేసి గడియ తీసింది. మొలెఫి ఎవరి మొహమూ చూడకుండా వాళ్ల మధ్యలోంచి నడుచుకుంటూ పోయి, దొడ్డిగోడ దూకి, మళ్లీ పొట్టేలు పక్కన పడుకున్నాడు.

"శనివారం మళ్లీ వస్తాం వదినా," అని చెప్పి వెళ్లాడు పీట్సో. "ఈసారి ప్రార్థనతో దయ్యాలు వదిలించే ప్రవక్తను తీసుకొస్తా, మోకులూ తెస్తా. నా మీద కోపం తెచ్చుకోకు. అవతలి లోయలో కాపరి పోయిన చలికాలం ఎలా దొరికాడో మర్చిపోయావా? చలికి కొయ్యలా బిగుసుకుపోయి దొరికాడు. కంబళి కూడా విప్పలేకపోయాం. మంచు పడేలోపు వీడు కప్పు కిందికి రాకపోతే వీడి గతీ అంతే."

పీట్సో చెడ్డవాడైతే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. అతను చెప్పింది నిజం.

మొలెఫి అంబలి తాగి గిన్నె తిరిగిచ్చాడు. "మంచు మబ్బు దక్షిణం నుంచి వస్తోందమ్మా," అన్నాడు గొర్రెల కేసి చూస్తూ. మామొలెఫి కొండ మీదికి చూసింది. మబ్బు పొదుగులా బరువుగా వేలాడుతోంది.

ఊట దగ్గర నీళ్లు పడుతుంటే పక్కింటి మాతుమెలో బిందె దించుతూ పలకరించింది.

"ఏమే మామొలెఫీ, మీ గొర్రె ఎలా ఉంది?"

"ఏ గొర్రె?"

"అదేనే, ప్యాంటు తొడుక్కుని తిరుగుతుందే, అది."

"నీ మొగుడికంటే నయంగానే ఉంది. నా గొర్రె పొద్దుగూకేసరికి మా దొడ్డికే వస్తుంది. నీవాడు ఏ బీరుకొట్టు గుమ్మంలో తెల్లారుస్తాడో నీకే తెలీదు."

మాతుమెలో పకపకా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే కంబళి అంచుతో కళ్లు ఒత్తుకుంది. "ఇల్లు బాగా అలికిపెట్టవే. మా తమ్ముడు జైలు నుంచి వచ్చినప్పుడు అలాగే చేశాం. కొత్తగా అలికిన ఇల్లు మనిషిని చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుంది."

ఆ సంగతి ఒకరు చెప్పాలా? మొలెఫి వచ్చినప్పటి నుంచీ అత్తాకోడళ్లు చేస్తున్నది అదే. కొండవాలు నుంచి ఎర్రమట్టి తవ్వుకొచ్చి, మెత్తగా జల్లించి, పచ్చిపేడ కలిపి, మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ నేలంతా అలుకుతారు. అలికిన చోట ఆరకముందే మాపాలెసా నాలుగువేళ్లూ కలిపి వంపులు వంపులుగా గీతలు లాగుతుంది, దున్నిన చేనును పైనుంచి చూసినట్టుంటుంది. గోడలకు కూడా అంతే. ఊళ్లో ఇంత ముస్తాబు ఏ ఇంటికీ లేదు. మొగుడు మాత్రం గుమ్మం దాటడు. ఆచారం ప్రకారం కోడలు గొర్రెలదొడ్డిలో అడుగు పెట్టకూడదు, కాబట్టి మాపాలెసా గోడకు ఇవతల నిలబడి, అవతల ఉన్న మొగుణ్ణి చూసుకుని పోతూ ఉంటుంది. కూతురు పాలెసా అయితే గోడ మీద గడ్డం ఆనించి, "నాన్నా, నువ్వు ఎప్పుడు మనిషివవుతావు?" అని అడిగింది ఒకరోజు. మాతుమెలో పిల్లలు నేర్పిన మాట.

ఆ గురువారం మళ్లీ అలికారు. అలికి చేతులు కడుక్కుంటుండగా మొలెఫి వచ్చాడు. గొర్రెలకు నాకడానికి ఉప్పుగడ్డ కావాలి, అది ఇంట్లో గూట్లో ఉంది. "నువ్వే తీసుకో, లోపలే ఉంది," అంది మామొలెఫి, తన తెలివికి తనే మురిసిపోతూ. మొలెఫి గుమ్మం దగ్గరికి నడిచాడు. ఒక కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు అలాగే గాల్లో ఆగిపోయింది. పెదాలు బిగుసుకున్నాయి, చెయ్యి తనంతట తనే వచ్చి ముక్కూ నోరూ మూసింది. అంత చలిలోనూ నుదుటి మీద చెమట పొటమరించింది. తర్వాత కాలు వెనక్కి తీసుకుని, ఉప్పు సంగతే మర్చిపోయి, దొడ్డి వైపు గబగబా నడిచిపోయాడు.

మాపాలెసా ఏడుపు ఆపుకుంటూ లోపలికి పోయింది. మామొలెఫి మాత్రం అక్కడే నిలబడిపోయింది. మనిషి కళ్లు మూసుకుంటే చీకటికి భయపడ్డాడనుకోవచ్చు. ముక్కెందుకు మూసుకున్నాడు?

కాసేపాగి ఉప్పుగడ్డ తనే తీసుకుని వెళ్లింది. మొలెఫి గోడ మీద కూర్చుని గడ్డితో తాడు పేనుతున్నాడు. ఆమె తాడు కొస పట్టుకుంది. ఒకరు పేనుతుంటే మరొకరు కొస పట్టుకుని మెల్లగా వెనక్కి జరగాలి, అప్పుడే మెలిక సమంగా పడుతుంది. మొహాలు ఎదురెదురుగా ఉన్నా చూపులు తాడు మీదే ఉంటాయి. నోరు విప్పడానికి కష్టమైన మాట చెప్పుకోవాలంటే అంతకంటే వీలైన చోటు లేదు.

"మళ్లీ అలికారా?" అన్నాడు మొలెఫి.

"నీకోసమే నాయనా. ఇల్లు కళగా ఉంటే..."

"అదే వాసనమ్మా."

ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది.

"గని కూలినప్పుడు ముందు రాళ్లు పడలేదు. బురద వచ్చింది. తడిమన్ను. నోట్లోకీ ముక్కులోకీ పోయింది, తర్వాత పడ్డాయి రాళ్లు. ఇది మన ఇల్లని నాకు తెలుసమ్మా. కాళ్లకి తెలీదు."

తాడు పొడుగవుతోంది. మామొలెఫి ఊపిరి మెల్లగా వదిలింది. వారం వారం మోకాళ్లు అరిగేలా తను ఇంటినిండా అలికింది అదన్నమాట.

"పక్కన జాసింతో ఉన్నాడు," అన్నాడు మొలెఫి. "మొజాంబిక్ వాడు. చేతికి అందడు గానీ మాట వినబడుతుంది. 'ఉన్నావా మొలెఫీ? ఏదో ఒకటి మాట్లాడరా, ఉన్నావని తెలిస్తే చాలు' అన్నాడు. నేను పలకలేదు. మాట్లాడితే గాలి అయిపోతుందని ఊపిరి దాచుకున్నా. వాడు అడిగాడు, అడిగాడు, అడిగి ఊరుకున్నాడు."

పేనుతున్న చేతులు ఆగిపోయాయి. తాడు మెలిక వెనక్కి తిరగబోయింది. నీ తప్పేం లేదు నాయనా అనాలని ఆమె నోటి దాకా వచ్చింది. ఆ మాట వాడికి ఎంతమంది చెప్పారో, ఎంత తేలిగ్గా చెప్పారో అనిపించి మింగేసింది.

"కొస నేను గట్టిగానే పట్టుకున్నా," అంది. "నువ్వు పేను."

అతను పేనాడు. కొంత దూరం పోయాక ఆమె అంది. "ఆదివారం గడియ పెట్టింది నేనే."

"తెలుసు. ఆ గడియ నీకెప్పుడూ మొదటిసారికి పడదుగా. గీకీ గీకీ వేశావు." అతని మూతి కొంచెం వంకర పోయింది. నవ్వో ఏడుపో ఆమె తేల్చుకోలేదు, తేల్చుకోవాలని చూడలేదు.

ఆ సాయంత్రం మామొలెఫి ఇంట్లో నడిమధ్య పిడకలు వేసి పెద్ద మంట పెట్టింది. తడి ఆరిపోవాలి. మంట పక్కన కూర్చుని లెక్క చూసుకుంది. దొడ్డికి గోడలున్నాయి, ఇంటికి గోడలున్నాయి. దొడ్డిలో నేల ఉంది, ఇంట్లోనూ నేల ఉంది, ఆ తడివాసన రేపటికి పోతుంది. మరి ఇంటికి ఎక్కువగా ఉన్నదేమిటి? తలెత్తి పైకి చూసింది.

పొద్దున్నే కోడలితో అంది. "కప్పు విప్పుదామే."

"ఏంటీ?"

"పాతగడ్డి. ఎలాగూ వానాకాలంలో కారింది కదా. కొత్తగడ్డి కోసి పెట్టే ఉంచాం."

"అత్తా, బయటికొచ్చి మబ్బు చూశావా? ఈ చలిలో నెత్తి మీద గడ్డి పీకేసుకుందామంటావా? ఆయనకి పట్టింది నీకూ పట్టిందా ఏంటి?"

"పడితే మంచిదే, ఇద్దరం దొడ్డిలోనే పడుకుంటాం."

"పిల్లని ఎక్కడ పడుకోబెట్టను?"

"వంటపాకలో."

"పొగకి కళ్లు పోతాయి దానికి! మంచు రేపే పడితే? అందరం కలిసి చావాలా?" మాపాలెసా గొంతు పగిలింది. "నీకు కొడుకొక్కడే కనిపిస్తున్నాడు."

మామొలెఫి చూరులోంచి కొడవలి తీసింది. తను చేయబోయేది ఏమవుతుందో ఆమెకే తెలీదు. "మోకులతో కట్టి లోపల పడేస్తే వీడు మళ్లీ మనకి దక్కడే," అని మాత్రం అంది. మాపాలెసా గుమ్మంలో నిలబడి ఆ తలుపు లోపలివైపు ఉన్న గీతల్ని చూసింది. కొంతసేపటికి వెళ్లి నిచ్చెన తెచ్చి, గోడకి దబ్బున ఆనించింది. కోపంగానే తెచ్చింది.

ముసలామె కొడవలి నడుముకు దోపుకుని నిచ్చెనెక్కి చూరు దగ్గర గడ్డి లాగడం మొదలుపెట్టింది. పొగచూరిన గడ్డి కట్టలు కట్టలుగా కింద పడుతుంటే నల్లటి దుమ్ము లేచి ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అయినా పైకి పాకింది. ఒక కాలు వాసం మీద పెట్టింది. దొడ్డి దగ్గర నుంచి కేక వినిపించింది.

"అమ్మా! దిగు! ఆ వాసం పుచ్చింది!"

మొలెఫి గోడ దూకి పరిగెత్తుకొచ్చాడు. ఆ వాసం పుచ్చిన సంగతి నిజంగా ఆమెకు తెలీదు. కాలు తీసేలోపే అది పటుక్కుమంది. నిచ్చెన మీదకు వాలిన ఆమె నడుము పట్టుకుని మొలెఫి కిందికి దించాడు. "ఏం పని ఇది? పడితే తుంటి విరిగేది!" అని తల్లిని తిట్టాడు. ఇంటికొచ్చాక అతను ఎవరినైనా తిట్టడం అదే మొదలు. మాపాలెసా చీపురు చేత్తో పట్టుకుని నోరు తెరుచుకుని చూసింది.

తర్వాత అతనే ఎక్కాడు. కప్పు పైన ఉండగా అతనికి ఏ బెరుకూ లేదు. కప్పు అతని కాళ్ల కింద ఉంది మరి. గడ్డంతా విప్పి, ఒక్కో వాసాన్ని పిడికిలితో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గట్టిగా మోగితే వదిలేసేవాడు, బోలుగా మోగితే సుద్దముక్కతో గీత పెట్టేవాడు. పొద్దుగూకేసరికి ఇల్లు గుండు గీయించుకున్న తలలా నిలబడింది.

మామొలెఫి ఆశపడింది. కొడుకు పరుపును గోడల మధ్య వేసి, పైన ఆకాశం చూపించి, ఇక వస్తాడనుకుంది. అతను పరుపు కేసి చూసి, తల అడ్డంగా ఊపి, దొడ్డిలోకి పోయాడు. వంటపాకలో పొగకి పాలెసా దగ్గుతూనే ఉంది. మాపాలెసా తన కంబళి కూడా తీసి పిల్లకి కప్పింది. ముసలామెకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

శనివారం పీట్సో అన్న ప్రకారం వచ్చాడు. వెనక భుజాల మీద మోకులతో ఇద్దరు, వాళ్ల వెనక నీలి అంగీ తొడుక్కున్న ప్రవక్త. మొలెఫి పైన కొత్తవాసం బిగిస్తున్నాడు. పీట్సో వాకిట్లో ఆగిపోయాడు.

"వదినా, ఇంటికేమైంది?"

"గాలికి పోయింది."

"గాలికా! గడ్డిని కట్టలు కట్టి, గోడ పక్కన వరసగా పేర్చి మరీ పోయిందా గాలి?"

"మంచి గాలి."

"తలుపులు మూసి ప్రార్థన మొదలుపెట్టాలి," అన్నాడు ప్రవక్త, ఇంకా పైకి చూడకుండానే.

"మూయండి నాయనా," అంది మామొలెఫి. "మోకులు కూడా బాగా బిగించి కట్టండి. వాడు పైనుంచి పోతాడు."

మోకులు తెచ్చిన వాళ్లు నవ్వేశారు. పీట్సో మొహం కందిపోయింది. "నవ్వండి! మంచు రేపటి దాకా ఆగేలా లేదు. నిన్నటి దాకా ఒక్కడికే చావు రాసిపెట్టి ఉంది. ఈవిడ పుణ్యమా అని ఇప్పుడు పసిపిల్లతో సహా అందరికీ!"

మామొలెఫి తల వంచుకుంది. ఆమె రాత్రంతా తనతో తాను అన్న మాటలే అవి.

"బాబాయ్." పైనుంచి వినిపించింది. ఆదివారం తర్వాత మొలెఫి అతన్ని పలకరించడం అదే మొదటిసారి. "అక్కడ నిలబడి అరిచే బదులు ఎక్కి రా. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు."

పీట్సో మబ్బు కేసి చూశాడు, పిల్ల కేసి చూశాడు, కంబళి విప్పి వదిన చేతిలో పెట్టాడు. కుర్రతనంలో అతను చుట్టుపక్కల ఊళ్ల ఇళ్లన్నీ కప్పినవాడు. ప్రవక్త కూడా అంగీ మడిచి గోడ మీద పెట్టి గడ్డికట్టలు అందించడానికి నిలబడ్డాడు.

కప్పు కుట్టడానికి మూరెడు కొయ్యసూది ఉంటుంది. పైనున్న మనిషి తాడు ఎక్కించిన సూదిని గడ్డిలోంచి లోపలికి పొడుస్తాడు. లోపలి మనిషి అది అందుకుని, తాడును వాసాల మీద అడ్డంగా కట్టిన పెండె కర్ర చుట్టూ తిప్పి, బిగలాగి, మళ్లీ పైకి పొడుస్తాడు. ఒకరికొకరు కనిపించరు. పైవాడు పిలుస్తాడు, లోపలివాడు పలకాలి. పలక్కపోతే సూది కంట్లో దిగుతుంది.

చూరు వరసలు బాగానే సాగాయి. లోపల మోకుల వాళ్లలో ఒకడు ఉన్నాడు. పైకి పోతున్నకొద్దీ వాడికి మెడ నొప్పెట్టి అశ్రద్ధ చేశాడు. మొలెఫి ఖాళీలోంచి తొంగి చూసి, "అది కర్ర చుట్టూ పోలేదు, లాగితే ఊడుతుంది," అన్నాడు. వాడు విప్పి మళ్లీ వేశాడు. మళ్లీ అలాగే వేశాడు.

"ఊడదులే అన్నా, నాకు తెలుసు."

"నీకేం తెలుసు? నా కూతురు దాని కింద పడుకోవాలి!"

అంటూనే నిచ్చెన దిగాడు. దిగి, అదే విసురులో గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. నేల ఎండిపోయి, రాలిన గడ్డితో పసుపుపచ్చగా ఉంది. ఎండుగడ్డి వాసన తప్ప ఇంకేమీ లేదు. సగం కప్పు నీడ, సగం ఆకాశం. వాకిట్లో మాపాలెసా ఏదో అనబోయింది. మామొలెఫి కోడలి కాలు గట్టిగా తొక్కింది.

మొలెఫి లోపలికి వెళ్లి ఆ కుర్రాడి చేతిలోంచి తాడు తీసుకున్నాడు. "నువ్వు పో, గడ్డి అందించు."

పైన అవతలి వైపు ఉన్న పీట్సోకు ఈ సంగతేమీ తెలీదు. "ఏరా, పొడుస్తున్నా. ఉన్నావా?" అని అరిచాడు.

లోపల నిశ్శబ్దం.

"ఒరేయ్, ఉన్నావా లేవా?"

మామొలెఫి చేతిలో ఉన్న గడ్డికట్ట జారి కింద పడింది.

"ఉన్నా," అన్నాడు మొలెఫి.  గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్లీ అన్నాడు. "ఉన్నా బాబాయ్. పొడు."

పైన సూది ఒక్క క్షణం ఆగింది. ఆ గొంతు ఎవరిదో పీట్సో గుర్తుపట్టాడు. కిందికి తొంగి చూడబోయి మానుకున్నాడు. సూది మెల్లగా దిగింది. మొలెఫి అందుకున్నాడు, చుట్టాడు, లాగాడు, పైకి పంపాడు. "ఉన్నావా?" "ఉన్నా." వరస తర్వాత వరస. ఆకాశం కుండ మూతంత అయ్యేకొద్దీ లోపలి గొంతు బొంగురుపోయింది, ఊపిరి బయటికి వినిపించింది, కానీ పిలిచిన ప్రతిసారీ పలికింది. మాపాలెసా గడ్డి మోస్తూ మోస్తూ గోడకు మొహం ఆనించి ఏడ్చింది, చప్పుడు లేకుండా.

కప్పు కొనకు, కొప్పు దగ్గరికి వచ్చేసరికి, "చాలు," అన్నాడు మొలెఫి.

"చాలేంట్రా, కొప్పు మూయకపోతే మంచంతా లోపలికే!"

"చాలన్నానుగా బాబాయ్."

పీట్సో వాదించబోయాడు. "చాలంటున్నాడుగా, దిగవయ్యా," అన్నాడు ప్రవక్త చేతులు చంకల్లో పెట్టుకుని. "నాకూ చలేస్తోంది."

మంచు ఆ రాత్రే పడింది. మొలెఫి కొప్పు ఖాళీ కింద, తెరిచిన తలుపు పక్కన పడుకున్నాడు. తలుపు మూసుకోకుండా రాయి అడ్డం పెట్టాడు. ఉన్నట్టుండి అరుస్తూ లేచి దొడ్డి దాకా పోయి వచ్చాడు, ఇంకోసారి గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాడు. ఖాళీలోంచి మంచు రాలి అతని కంబళి మీద తెల్లగా గుండ్రంగా పరుచుకుంది. మాపాలెసా దాన్ని చేత్తో దులుపుతూ, దులిపినప్పుడల్లా తన చాప కొంచెం దగ్గరికి జరుపుకుంది.

తెల్లవారేసరికి లోకమంతా తెల్లగా ఉంది. మామొలెఫి తన కంబళి అంచును తలుపు సందుకు అడ్డంపెట్టి గుమ్మంలో కూర్చుంది. మోకాలి లోతు మంచులో పీట్సో రొప్పుతూ వచ్చాడు.

"వాడున్నాడా లోపల?"

"మెల్లగా."

"నిద్రపోతున్నాడా?"

"ఇప్పుడే కాస్త పట్టింది."

పీట్సో తొంగి చూశాడు. కూతురు కాళ్లు తండ్రి పొట్ట మీద ఉన్నాయి. అతను గొంతు తగ్గించాడు. "కప్పు మీద మంచు బరువెక్కుతుంది వదినా, దులపాలి."

"నువ్వు దులుపు. కుదపకుండా దులుపు."

"గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి."

"అవి మీ అన్న గొర్రెలేగా. ఇవాళ నువ్వే తోలుకుపో."

పీట్సో తల ఊపాడు. కంబళి తల మీదికి లాక్కుని, అడుగుల చప్పుడు కాకుండా మంచులో ఒక్కో కాలే ఎత్తి పెట్టుకుంటూ దొడ్డి వైపు వెళ్లాడు.